బెట్ట పెట్టిన తోట

మగవాళ్లకి నలభై అయిదు దాటాక ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుంది. మా ల్యాబ్‌లో ఒకావిడ భర్త మోటార్‌సైకిల్ కొన్నాడు. ఇంకొకావిడ భర్త మారథాన్లు పరిగెత్తి మోకాళ్లు పాడుచేసుకున్నాడు. మా ఆయన శ్యామ్‌సుందర్ ఏకంగా ఇరవై ఎకరాల వాల్‌నట్ తోట కొన్నారు. వారంలో అయిదు రోజులు కాలిఫోర్నియాలో మేముండే డబ్లిన్ నుంచి సన్నీవేల్ ఆఫీసుకి ట్రాఫిక్‌లో పడి వెళ్లొచ్చే మనిషి, ఆరో రోజైనా ఇంటిపట్టున ఉంటారనుకుంటే, తెల్లారేసరికి బూట్లు తొడుక్కుని స్టాక్టన్ అవతల లిండెన్ అనే పల్లెకి బయల్దేరేవారు. శనివారం ఎవరైనా ఫోన్ చేసి "శ్యామ్ గారున్నారా?" అంటే "ఆవిడ దగ్గరికి వెళ్లారు" అని చెప్పేదాన్ని. అవతలివాళ్లు ఒక్క క్షణం గతుక్కుమనేవాళ్లు. నాకు అదో సరదా.

నేను రక్తం తీసే మనిషిని. ప్లెజంటన్‌లో ఒక ల్యాబ్‌లో కూర్చుని వచ్చినవాళ్ల చేతుల్లో నరం వెతకడం నా ఉద్యోగం. ఇన్నేళ్లుగా అదే పని చేసి చేసి, మనిషిని చూసినా మొక్కను చూసినా లోపల ఏం పారుతోందా అనే చూస్తాను. తోటలో మాత్రం నాకేమీ పారుతున్నట్టు కనిపించలేదు. దుమ్ము, ఎండ, వరసలు వరసలుగా ఒకేలాంటి చెట్లు. ఒక్కటే నచ్చింది. ప్రతి మానూ నడుమెత్తు దాకా నల్లగా గరుగ్గా ఉండి, అక్కడినుంచి హఠాత్తుగా తెల్లగా నున్నగా మారుతుంది. నల్ల లంగా మీద తెల్ల ఓణీ వేసుకున్నట్టు. కింద నేలని తట్టుకునే నల్ల వాల్‌నట్ వేరు, పైన మనం తినే వాల్‌నట్ అంటు. నలభై ఏళ్ల కిందట ఒక ఇటాలియన్ కుటుంబం అంటుకట్టిన చెట్లవి. పడమటి వైపు రోడ్డు పక్కన ఉన్న ఆరెకరాలు అన్నిటికన్నా పాతవి. మా ఆయనకి ప్రాణం ఆ ఆరెకరాలే.

మొదటి నాలుగేళ్లు పక్క తోట పెద్దాయనే మా తోట కూడా చూసిపెట్టేవాడు. నీళ్లు ఎప్పుడు పెట్టాలో, మందు ఎప్పుడు కొట్టాలో అంతా ఆయన చేతిలోనే ఉండేది. ఆయన ముసలితనం వచ్చి ఒరెగాన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇక తోట తనే చూసుకుంటానని మా ఆయన ఉత్సాహపడ్డారు. అది 2014. కాలిఫోర్నియాలో వరసగా మూడో ఏడు వానల్లేవు. డబ్లిన్‌లో లాన్‌లన్నీ గడ్డివాముల రంగుకి తిరిగాయి. బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా కరివేపాకు కుండీకి పోస్తుంటే, అమెరికా వచ్చిన పాతికేళ్లకి ఇదేం ఖర్మ అని నవ్వుకునేదాన్ని.

మా ఆయన మాత్రం కంగారు పడలేదు. ఆయన నల్లగొండ దగ్గర బత్తాయి తోటల్లో పుట్టి పెరిగిన మనిషి.

"అందరు నీళ్లు లేవని ఏడుస్తున్నరు గిరిజా. నాకైతే ఫికర్ లేదు" అన్నారు ఏప్రిల్‌లో ఓ పొద్దున కాఫీ తాగుతూ. "మా దిక్కు మేమే తోటకు బెట్ట పెడతుంటిమి. నీళ్లు బంద్ చేసి ఆకు వాడేదాంక ఆగాలె. చెట్టు భయపడ్తది. అప్పుడు నీళ్లిడిస్తే ఒక్కపాలి పూస్తది చూడు, ఆకు కనవడది."

"అది బత్తాయి కదండీ. ఇది వాల్‌నట్."

"చెట్టు చెట్టే" అన్నారు.

ఆ మాట ఎంత ధీమాగా అన్నారంటే నేనూ నమ్మేశాను. చిన్నప్పటి నుంచీ కళ్లారా చూసిన సంగతి మరి. బోరులో అప్పటికి నీళ్లున్నాయి. పంపు శుభ్రంగా పనిచేస్తోంది. చుట్టుపక్కల తోటల్లో స్ప్రింక్లర్లు తిరుగుతుంటే, మా ఆయన పడమటి ఆరెకరాలకి ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ వాల్వ్ కట్టేశారు. ముందు ఈ ముసలి చెట్లని భయపెడతాను, వచ్చే ఏడు వీటి కాపు చూసి ఊరంతా నోరెళ్లబెట్టాలి అని ఆయన ప్లాను. మిగతా పద్నాలుగెకరాలకి మామూలుగానే నీళ్లు పెట్టారు.

దేదీప్య మాకు లివర్‌మోర్ గుడిలో పులిహోర లైన్‌లో దొరికింది. రాజమండ్రి పిల్ల, డేవిస్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది, చెట్ల దాహం మీద ఏదో చదువు. మాకు వాల్‌నట్ తోట ఉందని తెలిసేసరికి ప్లేటు పక్కన పెట్టేసింది.

"ఆంటీ, ప్లీజ్, నన్నొచ్చి మెజర్ చేసుకోనివ్వండి. మా ప్రొఫెసర్ తోటలన్నీ నీళ్లు బాగా పెట్టినవే. నాకు దాహంగా ఉన్న చెట్లు కావాలి."

"దాహంగా ఉన్నవా? మీ అంకుల్ ప్రత్యేకంగా తయారుచేస్తున్నారమ్మా, రా" అన్నాను.

జూన్ చివర్లో వచ్చింది. ఆ రోజు ఎండ నూట ఆరు ఫారెన్‌హీట్. నేనూ వెళ్లాను, ఆ పిల్లకి తిండి పెట్టేవాళ్లు ఉండరని. పాత కొరోలా డిక్కీలోంచి ఇనప డబ్బా ఒకటి, గ్యాస్ సిలిండర్ ఒకటి దింపింది. అంతకు గంట ముందే పడమటి చెట్ల ఆకులు కొన్నిటికి వెండి కాగితం సంచులు తొడిగి వచ్చింది. సంచీతో పాటే ఒక ఆకుని కోసి, డబ్బాలో పెట్టి, కాడ మాత్రం మూతలోంచి బయటికి ఉండేలా బిగించింది. గ్యాస్ వదులుతూ భూతద్దంలోంచి కాడ కోసిన చోటే చూస్తోంది.

"ఏం చూస్తున్నావ్?"

"నీటి చుక్క, ఆంటీ. ఆకు కొయ్యగానే లోపల నీళ్లు టక్కున వెనక్కి వెళ్లిపోతాయి, రబ్బరు తెగినట్టు. మళ్లీ అంచు దాకా రావాలంటే ఎంత గట్టిగా నొక్కాలో, చెట్టు అంత గట్టిగా లాగుతోందన్నమాట. నీళ్లు చాలినంత ఉన్న చెట్టయితే నాలుగైదు బార్ల ఒత్తిడి దగ్గరే వచ్చేస్తుంది."

ముల్లు అయిదు దాటింది. ఎనిమిది దాటింది. పదీ దాటింది. మా ఆయన నా వెనక నిలబడి ఉన్నారు. పద్నాలుగు దగ్గర తడి మెరిసింది.

"మన కారు టైరులో ఎంతుంటుంది?" అని అడిగాను, ఏదో ఒకటి అనాలని.

"రెండు బార్లు, కొంచెం ఎక్కువ."

అంటే ఆ ఒక్క ఆకు ఆరేడు టైర్ల బిగువుతో నీటిని లాగుతోంది. నేను తలెత్తి చెట్టుని చూశాను. నలభై అడుగుల ఎత్తు, వేల ఆకులు. మనిషికైతే కింద గుండె ఉంటుంది, అది తోస్తుంది, నరాల్లో రక్తం పారుతుంది. ఇక్కడ తోసేవాళ్లెవరూ లేరు. పైనున్న ఆకులే ఎండలో నిలబడి, పాతాళంలో ఉన్న నీటిని దారం పట్టి లాగినట్టు లాగుతున్నాయి. చప్పుడు లేదు, కదలిక లేదు. ఇన్నేళ్లు ఈ చెట్ల కింద దుప్పటి పరుచుకుని చపాతీలు తిని, ఏమీ పారడం లేదనుకున్నాను.

"అంటే బెట్ట మంచిగ తగిలినట్టే గద?" అన్నారు మా ఆయన. గొంతులో ఇంకా గర్వమే ఉంది.

దేదీప్యకి అర్థం కాలేదు. ఆయన బత్తాయి సంగతి చెప్పారు. ఆ పిల్ల విన్నంతసేపూ తల ఊపింది. తర్వాత కింది కొమ్మనొకదాన్ని వంచి మా ముందుకు తెచ్చింది.

"అంకుల్, మీరు చెప్పింది బత్తాయికి కరెక్టే. నిమ్మకీ అంతే. కానీ ఇది చూడండి." బొటనవేలు రెమ్మ చివర పెట్టి మెల్లగా కిందికి జరిపింది. కొంచెం దూరంలో చర్మం మీద సన్నటి ఉంగరంలాంటి గీత ఉంది. "ఇక్కడి నుంచి చివరిదాకా ఈ ఏడు పెరిగింది. ఎంతుందో చూడండి."

వేలెడు కూడా లేదు.

"ఇక్కడి నుంచి ఇక్కడికి పోయినేడు." ఇంకో ఉంగరం దాకా జానెడుకి తక్కువ. "ఇది అంతకు ముందేడు." జానెడు. "ఇది రెండువేల పదకొండు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి కదా." అక్కడ మూరెడు పొడుగు, లావుగా, నున్నగా ఉంది.

ఆ రెమ్మని నేనూ పట్టుకున్నాను. వేలితో తడిమితే ఒక్కో ఉంగరం తగులుతోంది. ఏ ఏడు వాన పడిందో, ఏ ఏడు పడలేదో, మనం టీవీలో చూసి మర్చిపోయిన కాలమంతా కర్ర రూపంలో నా వేళ్ల కింద ఉంది. ప్రతి కొమ్మకీ ఉంది. తోటలో ఎన్ని వేల కొమ్మలుంటే అన్నిటికీ ఉంది. ఒకటి రెండుసార్లు తడిమి వదిలేయబుద్ధి కాలేదు.

"వాల్‌నట్ కొత్త రెమ్మ చివర కాస్తుంది" అంది దేదీప్య. "ఈ ఏడు పెరిగిన కొమ్మ మీద మొగ్గలు పడతాయి. వచ్చే ఏడు ఆ మొగ్గల్లోంచి వచ్చే రెమ్మల చివర కాయ. కొమ్మ పెరగకపోతే మొగ్గకి చోటే లేదంకుల్. బత్తాయిలో దాహం పూత తెస్తుంది. ఇక్కడ దాహం ముందు కొమ్మని ఆపేస్తుంది. ఆకు వాడకముందే, మన కంటికి ఏమీ తెలియకముందే ఆపేస్తుంది."

"ఇప్పుడు పెడతా నీళ్లు. రేపటి సంది పెడతా."

"పెట్టండి. ఈ ఏటి కాయలో పప్పు నిండుతుంది. కొమ్మ మాత్రం..." ఆ పిల్ల నావైపు చూసింది, నేనేమైనా సాయం చేస్తానేమోనని. "కొమ్మ పెరిగేది వసంతంలో అంకుల్. ఆ టైం అయిపోయింది."

మా ఆయన ముఖం మాడిపోయింది. పాతికేళ్ల కాపురంలో ఆయన ఉద్యోగం పోవడం చూశాను, గ్రీన్‌కార్డు ఆలస్యమవడం చూశాను. అలాంటి ముఖం చూడలేదు. ఆ రోజు డబ్బాలో తెచ్చిన చిత్రాన్నం ఎవరూ సరిగ్గా తినలేదు.

మర్నాటి నుంచి పంపు రాత్రింబవళ్లు నడిచింది. కానీ చుట్టుపక్కల అందరూ అదే పని చేస్తున్నారు కదా, భూమిలో నీళ్లు రోజురోజుకీ దిగిపోతున్నాయి. జులై మధ్యలో మా పంపు నీటికి బదులు గాలి పీల్చడం మొదలుపెట్టింది. బోరు లోతు చేయించాలంటే డ్రిల్లింగ్ వాళ్లు వచ్చే ఏడు దాకా ఖాళీ లేదన్నారు. పొద్దున పూట వచ్చే కాసిన్ని నీళ్లు తూర్పు పద్నాలుగెకరాలకే చాలీచాలకుండా ఉన్నాయి. వాటికి పెట్టాలా, ముసలి చెట్లకి పెట్టాలా? ఆయన తూర్పు వాటికే పెట్టారు. బతికేవాటికి పెట్టాలి కదా గిరిజా అన్నారు, నన్ను అడుగుతున్నట్టు.

ఆగస్టులో కాయల మీద ఎండ పడిన వైపు నల్లగా మాడింది. ఒకటి పగలగొట్టి చూస్తే లోపల పప్పు ముడుచుకుపోయి ఎండు చింతపండులా ఉంది. ఆ నెల చివరికి పడమటి చెట్లు ఆకు రాల్చడం మొదలుపెట్టాయి. అది ఆకు రాలే కాలం కాదు. నిండు వేసవిలో, పక్క తోట పచ్చగా ఉండగా, మా ఆరెకరాలు మోళ్లయ్యాయి. నడుస్తుంటే కాళ్ల కింద అప్పడాలు విరిగినట్టు చప్పుడు.

"చచ్చిపోయినయ్" అన్నారు మా ఆయన.

రీడింగ్స్ కోసం మళ్లీ వచ్చిన దేదీప్య రాలిన ఆకునొకదాన్ని, చెట్టు మీది రెమ్మనొకదాన్ని పక్కపక్కన పెట్టి బ్లేడుతో కోసి చూపించింది. ఆకు కాడ పూర్తిగా ఎండిపోయింది. రెమ్మ లోపల ఇంకా లేత ఆకుపచ్చగా ఉంది.

"చూడండి ఆంటీ. దాహం మరీ ఎక్కువైతే నీటి గొట్టాల్లోకి గాలి చొరబడుతుంది. గాలి చొరబడితే ఆ గొట్టం ఇక పనిచెయ్యదు. వాల్‌నట్‌కి ఆ గొట్టాలు ముందు ఆకు కాడలో తెగుతాయి. కొమ్మలో కాదు, మానులో కాదు. ఇంట్లో ఫ్యూజ్ పోయినట్టు. ఆకు పోతుంది, కొమ్మ మిగులుతుంది."

"అంటే ఎవరు ముందు పోవాలో చెట్టు ముందే అనుకుని పెట్టుకుందా?"

"అనుకోవడం అంటే... అలాగే కట్టుకుంది ఆంటీ తన ఒంటిని."

ఆ రాలిన ఆకుల్లో నిలబడి చాలాసేపు పైకి చూశాను. నేను రోజూ ఎన్నో ఒళ్లు చూస్తాను. ప్రాణం మీదికొస్తే మన ఒళ్లు కూడా చేతులూ కాళ్లూ చల్లబడనిచ్చి రక్తాన్ని గుండెకి దాచుకుంటుందని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. కదలలేని, అరవలేని ఈ చెట్టు కూడా తన మధ్యలో ఉన్నదాన్ని కాపాడుకోవడానికి అంత పచ్చదనాన్నీ ఒక్కో ఆకుగా వదిలేసుకుంది. దణ్ణం పెట్టాలనిపించింది. పక్కన ఆ పిల్ల ఉందని సిగ్గుపడి మానేశాను.

"అయితే బతుకుతయా?" అని అడిగారు మా ఆయన.

దేదీప్య అబద్ధం చెప్పే రకం కాదు. "బతుకుతాయని చెప్పలేనంకుల్. నా రీడింగ్స్ ప్రకారం కొమ్మల్లో కూడా చాలా గొట్టాలు తెగుంటాయి. చచ్చిపోయాయనీ చెప్పలేను. చలికాలం దాటాలి."

ఆయన అంతదాకా ఆగలేకపోయారు. చుట్టుపక్కల తోటలు పీకేస్తున్నారు, ముక్కలు కొట్టిన కట్టె రోడ్డు పక్కన గుట్టలు గుట్టలుగా పడుంది. నవంబరులో మా ఆయన కూడా పడమటి ఆరెకరాలు పీకించడానికి మనిషిని మాట్లాడేశారు. మార్చి మొదటి శనివారానికి మిషన్ వస్తుంది.

ఆ తర్వాత తోటకి వెళ్లడమే మానేశారు. తూర్పు చెట్ల పని ఎవరికో అప్పజెప్పారు. ఇన్నేళ్లుగా నేను శనివారాలు కావాలని సాధించాను కదా, అన్నీ ఒక్కసారే నా ఒళ్లో పడ్డాయి. సోఫాలో కూర్చుని టీవీ కూడా పెట్టకుండా గోడకేసి చూసే మనిషిని ఏం చేసుకోను? కరువుని ఆయన తిట్టుకోలేదు. కరువు వచ్చింది, అది ఎవరి చేతిలోనూ లేదు. కానీ నీళ్లున్న రోజుల్లో వాల్వ్ కట్టేసింది మాత్రం ఆయన చెయ్యే. ఆ చెట్లు పోతే ఈయన మళ్లీ మట్టి ముట్టరని, ఆ సోఫాలోనే ముసలివారైపోతారని నాకు భయం పట్టుకుంది. డిసెంబరులో ఒకసారి గట్టి వాన పడింది. పకోడీలు వేశాను. కిటికీ దగ్గర నిలబడి "ఇప్పుడు పడి ఏం లాభం" అన్నారు.

మార్చి మొదటి శనివారం పొద్దున నేనే కారు తీశాను. రానన్నారు. "కనీసం దగ్గరుండి సాగనంపండి, మీరు పెంచిన చెట్లు" అని కసిరితే వచ్చి కూర్చున్నారు.

మేం వెళ్లేసరికి మిషన్ రోడ్డు పక్కనే ఆగి ఉంది. దాని డ్రైవరు హర్‌దీప్ అనే పంజాబీ అతను, బోనెట్ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మా ఆయన అతనితో హిందీలో రెండు మాటలు మాట్లాడి, ఒక్క అయిదు నిమిషాలు ఆగమన్నారు. కారులోంచి చేతిరంపం తీసుకున్నారు.

"ఎందుకు?"

"ఒక్క కొమ్మన్న తీస్కపోదామని. ఊరికె, గుర్తుకు."

మొదటి వరసలో మొదటి చెట్టు. ఒక్క ఆకు లేదు, మొగ్గలు బిగుసుకుని నల్లగా ఉన్నాయి. చేతికందే కొమ్మ మీద రంపం పెట్టి కోయడం మొదలుపెట్టారు. సగం కోశాక ఆగి, రంపాన్ని ఎత్తి చూసుకున్నారు. పొట్టు పొడిగా రాలాల్సింది, ముద్దగా పళ్లకి అంటుకుని ఉంది.

"మంచు పడ్డదా?"

"లేదే. రెండు వారాలుగా చినుకు లేదు."

ఇంకో రెండు లాగులు లాగేసరికి కొమ్మ విరిగి కింద పడింది. కోసిన చోట తడి మెరిసింది. అది కూడుకుని, అంచుకి జారి, ఒక చుక్కయి కింద పడింది. వెనకే ఇంకొకటి. ఆ తర్వాత ఆగకుండా, చెట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

నేను దోసిలి పట్టాను. చల్లగా ఉంది. నాకు తెలియకుండానే నోట్లో పోసుకున్నాను. లేత కొబ్బరినీళ్లలో ఇంకిన్ని నీళ్లు కలిపినట్టు, తెలిసీ తెలియని తీపి.

దేదీప్యకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. సంగతి చెప్పగానే ఆ పిల్ల మంచం మీంచి దూకినట్టు చప్పుడైంది.

"కారుతోందా? ఆంటీ, నిజంగా కారుతోందా? మిషన్ ఆపమనండి! ముందు ఆపమనండి!"

"ఆగే ఉందిలే. ఇదేంటో చెప్పు. ఆకే లేదు కదా, లాగేదెవరు?"

"ఎవరూ లాగట్లేదు ఆంటీ. తోస్తోంది! డిసెంబరు తడి ఉంది కదా భూమిలో, వేళ్లు తాగాయి. దాచుకున్న చక్కెరని నీళ్లలోకి వదిలి, ఆ బలంతో కింది నుంచి పైకి తోసుకుంటోంది. వసంతం రాకముందు వాల్‌నట్ చేసే పని ఇది. గాలి పట్టిన గొట్టాలుంటాయే, వాటిని మళ్లీ నింపుకుంటోంది. రిపేర్ చేసుకుంటోందాంటీ!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పక్క చెట్లు కూడా చూడండి. చిన్న రెమ్మ చాలు. కారని వాటిని నమ్మకండి."

నా రెండు చేతులూ తడిగా ఉన్నాయి. ఎదురుగా ఆరెకరాల మోళ్లు, ఎండిన కట్టెల్లా నిలబడి ఉన్నాయి. మేమందరం చచ్చాయని తీర్మానించేసి, మనిషిని మాట్లాడుకుని, తేదీ కూడా పెట్టేసుకున్నాం. వాటికి ఆ కబురే అందలేదు. గుండె లేని ఆ మానులు, ఎవరికీ చెప్పకుండా, చీకట్లో, చుక్క మీద చుక్క పెట్టుకుంటూ పైకి ఎక్కిస్తున్నాయి. ఈసారి ఎవరున్నా సిగ్గుపడలేదు, ఆ తెల్లటి మానుకి రెండు చేతులూ జోడించాను.

చెట్టు చెట్టుకీ వెళ్లాం. నేను కత్తెరతో రెమ్మ తుంచేదాన్ని, ఆయన వేలితో ముట్టి చూసేవారు. కొన్ని వెంటనే కారాయి. కొన్నిటికి కాసేపు నిలబడాల్సి వచ్చింది. కొన్ని ఎంతసేపు నిలబడినా పొడిగానే ఉన్నాయి, అలాంటి చెట్టు దగ్గర ఆయన వెంటనే కదిలేవారు కాదు. హర్‌దీప్ కూడా దిగి వచ్చాడు, నాలుగు చెట్లు తనూ చూసిపెట్టాడు. ఎన్నో తోటలు పీకాను గానీ పీకే ముందు ఇలా చెయ్యిపట్టి చూసినవాళ్లు లేరు భాభీజీ అన్నాడు. మూడొంతులకి పైగా చెట్లు తడిగా ఉన్నాయి.

వరస చివరికి వచ్చాక మా ఆయన నేల మీద కూలబడ్డారు.

"బతికితే ఏంది గిరిజా" అన్నారు. "ఈ ఏడు కాయ ఉండదు. నిరుడు కొమ్మనే పెరగనియ్యలే నేను, కాయ ఏడికెల్లి వస్తది? కాయని చెట్లకు నీళ్లు పెట్టుకుంట కూసుంటరా ఎవరన్న? పీకించుడే నయం. వాటి మొఖం చూసే ధైర్యం నాకు లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ మొహం చూడమని అవి అడిగాయా?" అన్నాను. "మీరు చేసిన దానికి ఆకులన్నీ వదులుకుని, ఉన్నదంతా మింగి, నిలబడ్డాయి. ఇప్పుడు తేరుకుంటుంటే, మీకు సిగ్గేస్తోందని పీకిస్తారా? కాయ కాయ అని కూర్చున్నారు. ఒక్క ఏడు కాయకపోతే కొంపలేం మునిగిపోవు. ఈ ఏడు కొమ్మలేసుకోనివ్వండి వాటిని. అంతే, ఇంకేం అడక్కండి."

నేనే హర్‌దీప్ వైపు తిరిగి, నాకొచ్చిన ముక్కల హిందీలో, ఎండినవాటిని మాత్రం తీసెయ్యమని, తడిగా ఉన్నవాటి జోలికి వెళ్లొద్దని చెప్పాను. అతను మా ఆయన వైపు చూశాడు, అవునా అన్నట్టు.

మా ఆయన లేచి నిలబడ్డారు. పక్కనున్న చెట్టు దగ్గరికి వెళ్లారు. ఇందాక నేను తుంచిన రెమ్మలోంచి ఇంకా కారుతోంది. దాని కింద అరచెయ్యి పట్టారు. నిండాక తాగలేదు, పారబొయ్యనూ లేదు, వేళ్ల సందుల్లోంచి మళ్లీ ఆ చెట్టు మొదట్లోకే వదిలారు. నల్లటి మాను తెల్లగా మారే చోట చెయ్యి ఆనించి, తల దించుకుని, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు అన్నారు.

"కాయకు. నువ్వేం కాయకు. పెరుగు, అంతే."